పెద్దపొలుసు కోసం ఫిల్మ్‌నగర్ దాకా

మా ఊరి పేరు ఇందులో రాయడం లేదు. శబరి నదిలో కలిసే ఒక కొండవాగు ఒడ్డున ఉంటుందని మాత్రం చెప్పగలను. ఎందుకు రాయలేదో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. నా పేరు గంగ. ఆ ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ని. మేం కొండరెడ్లం. పోయిన ఫిబ్రవరిలో మా పెదనాన్న ముత్యాలరెడ్డిని వెంటబెట్టుకుని హైదరాబాద్ వెళ్లాను. ఫిల్మ్‌నగర్‌లోని ఒక రికార్డింగ్ థియేటర్‌లో ఆయన గొంతు రికార్డు చేస్తామన్నారు. డెబ్బై దాటిన మనిషి. అప్పటిదాకా భద్రాచలం దాటి ఎరగడు. ఆయన మాట్లాడవలసింది ఒక చేప గురించి.

ఆ చేపని మేం పెద్దపొలుసు అంటాం. పుస్తకాల్లో మహసీర్ అని రాస్తారట. అరచెయ్యంత పొలుసు, ఎండ పడితే బంగారం రంగు. ఏడాదిలో ఎక్కువ కాలం కింద లోతు నీళ్లలో ఉండి, తొలకరికి కొత్తనీరు రాగానే ఎదురీది మా వాగులోకి వస్తుంది. మా ఊరికి పైన ఉన్న గులకరాళ్ల మడుగులో గుడ్లు పెట్టి, వానలు తగ్గాక దిగిపోతుంది. అది ఎక్కే నెలల్లో మా ఊళ్లో ఎవరూ వల వెయ్యరు. దిగేటప్పుడు ఒక్కదాన్ని పట్టి, ముక్కలు కోసి ప్రతి ఇంటికీ పంచుతారు. తల ముక్క ఆ ఏడు బిడ్డ పుట్టిన ఇంటికి వెళ్తుంది. నేను పుట్టిన ఏడు వచ్చిన తల ఎంత ఉందో మా అమ్మ ఇప్పటికీ చేతులు చాపి చూపిస్తుంది. అయితే నాలుగేళ్లుగా ఆ పంపకం జరగలేదు. ఒకదాన్ని పట్టడానికి మనసొప్పేటన్ని చేపలు రావడం లేదు. నా దగ్గరికొచ్చే పిల్లలకి పెద్దపొలుసు అంటే కథలో వినే చేపే.

ఆరేళ్ల కిందట ఒక చేపల పరిశోధకుడు వచ్చి మా ఊళ్లో రెండు రోజులు ఉన్నాడు. వెళ్లేటప్పుడు పెదనాన్నతో, "మీకు తెలిసినంత నాకు తెలియదు. కానీ రాసిపెట్టకపోతే మీకు తెలుసని ఎవరూ నమ్మరు" అన్నాడు. అప్పటినుంచి పెదనాన్న చూస్తాడు, నేను రాస్తాను. వాన తెరిపిచ్చి నీరు తేరిన పొద్దుల్లో మడుగు దగ్గరి రాతిమీద కూర్చుని ఎక్కే చేపల్ని లెక్కపెడతాం. ఏ రోజు, నీరు ఏ గీత దాకా ఉంది, ఎన్ని ఎక్కాయి, ఒడ్డున దొరికిన పొలుసు ఎంత పెద్దది. ఏడాదికో పొడుగు నోటుబుక్కు. అలా ఆ ఫిబ్రవరికి ఆరు పుస్తకాలయ్యాయి.

ఆ సంగతి ఎలాగో అనూషకి తెలిసింది. ఆమె జూబ్లీహిల్స్‌లో పెరిగిన అమ్మాయి. సినిమాల్లో సహాయ దర్శకురాలిగా పనిచేసి, సొంతంగా ఒక డాక్యుమెంటరీ తీద్దామని మా ఊరికి వచ్చింది. ఏడాది పొడుగునా వస్తూ పోతూ, మా ఇళ్లలో తింటూ, మా చాపలమీద పడుకుంటూ తీసింది. చివరికి, "వెనక మాటలు వేరే ఎవరో చెప్తే బాగుండదక్కా, తాతే చెప్పాలి" అని పట్టుబట్టింది. మా ప్రయాణానికి కారణం అది.

ముందురోజు సాయంత్రానికి భద్రాచలం చేరి మా చెల్లెలి ఇంట్లో ఉన్నాం. పొద్దున ఆరింటికి హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్ బస్సు. మా వైపు ఆడవాళ్లు వెళ్లేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. తెలంగాణ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచితమే కానీ అది ఆ రాష్ట్రం కార్డు ఉన్నవాళ్లకి. నేను ధీమాగా ఆధార్ కార్డు తీసి చూపించాను. కండక్టర్ దాన్ని అటూ ఇటూ తిప్పి, "మీది ఆంధ్ర కార్డు గదమ్మా. టికెట్ తీసుకోవాలె" అన్నాడు. పెదనాన్న నవ్వి, "వాగుకి ఇటు పుట్టుంటే సరిపోయేదే" అన్నాడు.

కొత్తగూడెంలో ఒకాయన ఎక్కి మా పక్కన కూర్చున్నాడు. మర్యాదస్తుడు, తెచ్చుకున్న జామకాయలు మాకూ ఇచ్చాడు. పెదనాన్నకి నా ఫోనులో పెద్దపొలుసు ఫొటో చూసుకోవడం అలవాటు. ఆయన చూస్తుంటే పక్కాయన కూడా తొంగిచూశాడు.

"అబ్బ, ఎంత పెద్దగున్నది. ఏడ దొరుకుతది పెద్దాయనా?"

"నీళ్లల్లో" అన్నాడు పెదనాన్న.

ఆయన నవ్వాడు. నవ్వుతూనే, "మా తమ్మునికి చేపల పిచ్చి. జాగ జెప్తే చాలు, నీళ్లల్ల మందుగుండు ఏసి ఒక్క గంటల సంచి నింపుకొస్తడు" అన్నాడు. చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదు. వాళ్ల ఇంట్లో అది ఒక ఆదివారపు సరదా, అంతే. పెదనాన్న ఫోను నా చేతికిచ్చి, "లోపల పెట్టు" అన్నాడు. ఖమ్మం దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

పదిన్నరకి సూర్యాపేట దగ్గర హోటల్లో ఇడ్లీ తిన్నాం. ఒంటిగంటా నలభైకి ఇమ్లీబన్ బస్టాండులో దిగాం. బస్టాండు మూసీ మధ్యలోనే ఉంటుంది. పెదనాన్న వంతెన మీద ఆగి నల్లటి నీళ్లని చాలాసేపు చూసి, "ఇది ఏరేనా?" అని అడిగాడు. ఏరేనన్నాను. ఆయన తలపాగా సర్దుకుని నడిచాడు.

బస్టాండు పక్కనే మెట్రో స్టేషన్ ఉంది. అమీర్‌పేటలో దిగి, ఇంకో లైన్ రైలు మారి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌లో దిగాలి. మెట్రోలో వెళ్లేవాళ్లు మిషన్ల దగ్గర తడబడనక్కర్లేదు, కౌంటరులో మనిషి ఉంటాడు. కదిలే మెట్లు ఎక్కనని పెదనాన్న పట్టుబడితే మామూలు మెట్లు ఎక్కాం. నాకు ఆయాసం వచ్చింది, ఆయనకి రాలేదు. రైల్లో ఒక కాలేజీ అమ్మాయి లేచి ఆయనకి సీటిచ్చింది. "కూర్చోండి తాతా, నాకు ఇంకో రెండు స్టేషన్లే" అంది. అమీర్‌పేట దాకా నిలబడే ఉండటం నేను చూశాను.

చెక్‌పోస్ట్ నుంచి ఆటో. జూబ్లీహిల్స్ రోడ్లు ఎత్తూ పల్లంగా ఉంటాయి. పెద్ద పెద్ద మేడల మధ్య, ప్రహరీ గోడలకి అడ్డంగా, ఇళ్లకన్నా పాత బండరాళ్లు ఇంకా నిలబడి ఉన్నాయి. "కొండని తీసెయ్యలేక వదిలేసినట్టున్నారు" అన్నాడు పెదనాన్న. ఫిల్మ్‌నగర్‌లో షేక్‌పేట వైపు దిగే ఒక సందులో మూడంతస్తుల ఇల్లు. రికార్డింగ్ థియేటర్ పై అంతస్తులో. మేం మెట్లెక్కేసరికి మూడుంపావు. లోపలినుంచి ఎవరో ఆడమనిషి వెక్కి వెక్కి ఏడుస్తోంది. పెదనాన్న గాభరాపడి ఆగిపోయాడు.

సౌండ్ ఇంజినీర్ శ్రీనివాస్ గారు ఎదురొచ్చారు. భీమవరం మనిషి, నలభై ఐదేళ్లుంటాయి. "కంగారు పడకండి పెద్దాయనా. హీరోయిన్ గారికి డబ్బింగ్ చెప్తున్నారండి. పొద్దుటినుంచి ఏడుస్తానే ఉన్నారు, డైరెక్టర్ గారికి ఇంకా సరిపోవట్లేదు" అన్నారు. కాసేపటికి ఆ డబ్బింగ్ కళాకారిణి బయటికొచ్చి, వేణ్ణీళ్లు తాగుతూ మమ్మల్ని చూసి నవ్వింది. కళ్లలో తడి కూడా లేదు.

అనూష పరుగెత్తుకొచ్చి పెదనాన్న చేతులు పట్టుకుంది. మాకు అన్నం పెట్టించింది. ఆ థియేటర్‌లో వంట చేసే యాదక్క కంది పప్పు, దొండకాయ వేపుడు చేసింది. నాలుగింటికి లోపలికి వెళ్లాం. గోడలకి మెత్తటి గుడ్డ, మధ్యలో మైకు, ఎదురుగా తెర. తను ఒక్కో మాటా చెప్తుంటే పెదనాన్న తిరిగి చెప్పాలని అనూష అనుకుంది.

"ముందు బొమ్మ చూపించమ్మా. చూడకుండా ఏం చెప్పాలో నాకెట్టా తెలుద్ది?" అన్నాడాయన.

లైట్లు తీసేశారు. మా ఊరు తెరమీదికి వచ్చింది. మా అమ్మ, నా అంగన్‌వాడీ పిల్లలు, వాన, నేను రాసే నోటుబుక్కు. మేం రోజూ చూసేవే, అయినా కొత్తగా ఉన్నాయి. పావుగంట గడిచాక కెమెరా ఒక్కసారిగా ఆకాశంలోకి లేచింది. డ్రోన్‌తో తీసిన బొమ్మ అది. కొండ మొన, వాగు మెలిక, రోడ్డు వాగుని దాటేచోట వేసిన చప్టా, ఆ పైన మా మడుగు, అన్నీ ఒకేసారి కనిపించాయి. జూలైలో, వానలు తెరిపిచ్చిన రోజున తీసిందట. మేం అంత అందమైన చోట ఉంటున్నామని నాకు అప్పుడే తెలిసింది.

పెదనాన్న లేచి నిలబడ్డాడు. "ఆపండయ్యా. ఎనక్కి తిప్పండి."

శ్రీనివాస్ గారు తిప్పారు. మళ్లీ తిప్పమన్నాడు. మూడోసారి తెర దగ్గరికి నడిచి, చప్టా కింద నీళ్లలో ఉన్న నల్లటి గీతల మీద వేలు పెట్టాడు.

"గంగమ్మా, ఇవేంటి?"

నేను దగ్గరికెళ్లి చూశాను. గీతలు కదులుతున్నాయి. అన్నీ ఒకే వైపు, చప్టా వైపు తిరిగి ఉన్నాయి. "చేపలు పెదనాన్నా" అన్నాను.

చప్టాకి నాలుగు సిమెంటు తూములుంటాయి. నీళ్లు వాటిలోంచి నడుమెత్తు నుంచి కింద పరిచిన సిమెంటు మీద పడతాయి. ఒడ్డున నిలబడితే నురగ తప్ప ఏమీ కనబడదు. మేం ఆరేళ్లూ చప్టాకి పైన, మడుగు దగ్గరే కూర్చుని లెక్కపెట్టాం. చప్టా కింద చేపలు ఆగిపోతున్నాయేమో అని ఒక్కరోజూ దిగి చూడలేదు. తెరమీద చూపించడానికని పుస్తకాలన్నీ తెచ్చాను. అక్కడే నేలమీద కూర్చుని తిప్పాను. చప్టా కట్టింది మూడో పుస్తకం ఏడు, వానలు వెలిశాక. మొదటి మూడింట్లో పేజీలు నిండా అంకెలు. నాలుగోదాన్నుంచి సగం పేజీలు ఖాళీ. జవాబు మా చేతిరాతలోనే ఉంది. మేం అడగలేదు, అంతే.

పెదనాన్న కుర్చీలో కూలబడ్డాడు. "ఇన్నేళ్లూ కన్నప్పని అన్నాను" అన్నాడు.

కన్నపరెడ్డి పెదనాన్న భార్యకి, అంటే మా పెద్దమ్మకి తమ్ముడు. వాగుకి కిందనున్న ఊళ్లో ఉంటాడు, మంచి వలకాడు. చేపలు తగ్గిన మొదటి ఏడే పెదనాన్న అందరి ముందూ, కన్నపరెడ్డి వలలే చేపల్ని మింగుతున్నాయన్నాడు. ఆ రోజునుంచి రెండు ఊళ్లకీ రాకపోకలు తెగిపోయాయి. మా పెద్దమ్మ పోయినరోజు కన్నపరెడ్డి వచ్చి, దూరంగా చెట్టుకింద నిలబడి, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు.

కాసేపటికి పెదనాన్న అనూష వైపు తిరిగాడు. "పాపా, ఈ బొమ్మ అందరూ చూస్తారా?"

"అందరూ చూడాలనే కదా తాతా తీసింది."

"అట్టయితే ఇది వద్దమ్మా. ఆ కొండ మొన చూస్తే మా పక్క గొడ్లు కాసేవాడు కూడా ఎక్కడో చెప్తాడు. ఇయ్యాల బస్సులో ఒకాయన జామకాయ పెట్టాడు, మంచోడు. ఆళ్ల తమ్ముడు మందుగుండేసి చేపలు పడతాడంట. ఆగిపోయున్న చేప మీద గుండెయ్యటానికి ఎంతసేపు?"

అనూష మొహం పాలిపోయింది. "ఈ ఒక్క షాట్ కోసం పదకొండు రోజులు వానలో ఉన్నాను తాతా. సినిమా అంతా దీనిమీదే నిలబడింది."

"తెలుసమ్మా. నువ్వు జొరంతో పడుకుంటే కషాయం కాచింది మేమేగా. నీ సినిమా ఆపమని అన్ను. ఆపటానికి నేనెవర్ని. నా గొంతు మాత్రం దానిమీద పెట్టలేను."

ఆమె లేచి బయటికి వెళ్లింది. నేను వెనకాల వెళ్లాను. మెట్లమీద కూర్చుని ఉంది. తొమ్మిది రోజుల్లో సినిమాని ఒక ఉత్సవానికి పంపాలని, ఆ షాట్ లేకపోతే పంపడానికి ఏమీ మిగలదని చెప్పింది. నేను ఆమెని ఓదార్చలేకపోయాను. నాక్కూడా ఆ బొమ్మ కావాలని ఉంది. అదే చెప్పాను. "నాకూ ఆశగానే ఉంది అనూషా. కానీ ఆయన చెప్పింది నిజం."

"రేపు చెప్తానక్కా" అంది.

శ్రీనివాస్ గారు గడియారం చూసుకుని, "రేపు పదింటికి పెద్ద సినిమా డబ్బింగ్ ఉందండి. ఏడున్నరకల్లా మీరొస్తే నేనొచ్చి తలుపు తీస్తాను. ఆ రెండున్నర గంటలూ మీవే" అన్నారు. పదింటిదాకా ఆయన రానక్కర్లేని పొద్దు అది అని తర్వాత తెలిసింది.

మాకు యూసుఫ్‌గూడలో లాడ్జి గది తీసిపెట్టారు. చేతులు తుడుచుకుంటూ వచ్చిన యాదక్క అది విని, "గా లాడ్జిల కిటికీలు తెరుచుకోవు. పెద్దమనిషికి గాలాడదు. మా ఇంటికి రాండ్రి, జర ఇరుకే గని గాలొస్తది" అంది. మూడు గంటల కిందట మా మొహం ఎరగని మనిషి. ఆమె వెంట ఆటోలో బోరబండ వెళ్లాం. గుట్టమీదికి మెట్లు మెట్లుగా ఇళ్లు, అన్నిటికన్నా పైన ఆమె గది. ఆరున్నరకి చేరాం. జొన్నరొట్టెలు, పచ్చిపులుసు చేసింది. పచ్చిపులుసు మాకు కొత్త. పెదనాన్న రెండుసార్లు పోయించుకున్నాడు.

"ఒక చేప కోసం గింత దూరమొచ్చిండ్రా?" అని అడిగింది యాదక్క.

"మా వాగుకి అదొక్కటే చుట్టం" అన్నాడు పెదనాన్న.

ఆమె తల ఊపింది. తర్వాత మెల్లగా, "గా పిల్లను ఏమనకు తాతా. వారం దినాల సంది గా బొమ్మ ముంగట్నే కూసుంటుంది. నేను పళ్లెం పెట్టినా సల్లారిపోతుంది" అంది.

"నేనేమీ అన్లేదమ్మా. రేపు కాదన్నా ఆ పిల్ల మా ఇంటి పిల్లే."

మర్నాడు ఏడూ ఇరవైకి థియేటర్ చేరాం. తలుపు అప్పటికే తీసి ఉంది. అనూష, శ్రీనివాస్ గారు ఇద్దరూ లోపలున్నారు. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ మొహం తేటగా ఉంది.

"తీసేశాను తాతా. ఊరి పేరు, వాగు పేరు కూడా తీసేశాను" అంది.

"మరి ఆ చోట ఏం పెట్టావు?"

ఆమె శ్రీనివాస్ గారి వైపు చూసింది. ఆయన కొంచెం మొహమాటంగా చెప్పారు. "చప్టా దగ్గర మైకు పెట్టి రికార్డు చేసిన నీళ్ల సౌండ్ ఉందండి. దాన్లో మధ్యమధ్య ఏదో దెబ్బ పడుతున్నట్టు వస్తే, మైకు తగిలిన చప్పుడనుకుని నేనే తుడిచేశాను. నిన్న మీ మాట విన్నాక అనుమానమొచ్చింది. పొద్దున్నే వచ్చి పాతది తీసి విన్నానండి. మీరొకసారి వినండి."

ఆయన పెదనాన్న తలపాగా తీయించి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టారు. మాకు స్పీకర్లలో పెట్టారు. ముందు నీళ్ల హోరు. తర్వాత, హోరు కింద, మెత్తటి బరువైనదేదో సిమెంటుకి తగిలి పడిన చప్పుడు. కాసేపు ఆగి మళ్లీ. మళ్లీ. తడిగుడ్డని బండకేసి కొట్టినట్టు.

పెదనాన్న కళ్లు మూసుకున్నాడు. "ఎగురుతుంది" అన్నాడు. "ఎగిరి గోడకి కొట్టుకుని పడుతుంది. మళ్లీ ఎగురుతుంది." కన్నీళ్లు గడ్డం దాకా జారాయి. తుడుచుకోలేదు.

ఆకాశం నుంచి తీసిన బొమ్మ ఉన్నచోట అనూష ఇప్పుడు, ముందురోజు నేను అక్కడే వదిలిన నోటుబుక్కుల పేజీలు తీసి పెట్టింది. నిండు పేజీలు, సగం పేజీలు, చివరికి రెండే అంకెలున్న పేజీ. వాటి వెనకాల ఆ చప్పుడు. ఎక్కడిదో ఎవరికీ తెలియదు. ఏం జరుగుతోందో మాత్రం అందరికీ తెలుస్తుంది.

పెదనాన్న మైకు ముందు నిలబడ్డాడు. అనూష మాట అందించబోతే చెయ్యెత్తి వద్దన్నాడు. తెర చూస్తూ, మా అరుగుమీద కూర్చుని చెప్పినట్టే చెప్పుకుంటూ పోయాడు. చేప ఎప్పుడు ఎక్కుతుంది, నీరు ఏ రంగులో ఉంటే నమ్ముతుంది, తల ముక్క ఎవరికి. నోటుబుక్కు పేజీలు వచ్చినప్పుడు, "ఆరేళ్లు లెక్కపెట్టాం. పైన కూర్చుని లెక్కపెట్టాం. అది కింద ఉంది" అని ఆగిపోయాడు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. రెండోసారి చెప్పించాల్సిన పని రాలేదు.

"ఇంకేమన్నా చెప్తారా పెద్దాయనా?" అని అడిగారు శ్రీనివాస్ గారు.

"ఒక మాటుంది బాబూ. అది ఇక్కడ చెప్పేది కాదు."

బయల్దేరేటప్పుడు అనూష నా చేతిలో చిన్న పెన్‌డ్రైవ్ పెట్టింది. "ఆ షాట్ ఇందులో ఉంది. చప్టా కట్టిన ఆఫీసులో చూపించండి, వాళ్లకి వేరే సాక్ష్యం అక్కర్లేదు. నా దగ్గరున్న కాపీ మీరు చెప్పేదాకా బయటికి రాదక్కా." పెదనాన్న ఆమె తలమీద చెయ్యిపెట్టి కాసేపు అలాగే ఉంచాడు. యాదక్క దారికి రొట్టెలు మూట కట్టి ఇచ్చింది. శ్రీనివాస్ గారు తన బండిమీద పెదనాన్నని చెక్‌పోస్ట్ మెట్రో దాకా దింపారు. అనూషా నేనూ వెనక ఆటోలో వెళ్లాం.

పదకొండున్నర బస్సు దొరికింది. ఏడింటికి భద్రాచలం. ఆ రాత్రి చెల్లెలి ఇంట్లో ఉండి, పొద్దున ఏడింటి బస్సెక్కాం. మా ఊరి స్టాపు ఇంకా ఒకటి ఉందనగా పెదనాన్న లేచి, "ఇక్కడ దిగుదాం" అన్నాడు. అది కన్నపరెడ్డి ఊరు. తొమ్మిదైంది.

కన్నపరెడ్డి వాకిట్లో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు. పెదనాన్న ఎండలోనే నిలబడ్డాడు.

"కన్నప్పా, చేప నీ వలలో పడలేదు. చప్టా కింద ఆగిపోయింది. నిన్న కాదు మొన్న కళ్లారా చూశాను. నిన్ను అన్న మాట తప్పు. నలుగురిలో అన్నాను గాబట్టి నలుగురిలోనే మళ్లీ చెప్తాను. ముందు నీకు చెప్పాలని వొచ్చాను."

కన్నపరెడ్డి చేతిలోని వల పక్కన పెట్టాడు.

"అక్క ఉండగా వొచ్చుంటే బాగుండేది బావా" అన్నాడు.

"అవున్రా."

"చప్టా కింద చేప కొట్టుకోటం రెండేళ్ల కిందటే చూశాను. చెప్దామంటే మీ ఊళ్లోకి రానిచ్చావా?"

మేం పుస్తకాల్లో వెతికింది, హైదరాబాద్ దాకా వెళ్లి చూసింది, రెండు మైళ్ల కింద ఒక మనిషికి ఎప్పుడో తెలుసు. కన్నపరెడ్డి లేచి లోపలికెళ్లి చాప తెచ్చి నీడలో పరిచాడు. "కూర్చో" అన్నాడు.

తర్వాత జరిగింది ఇక్కడే చెప్పేస్తాను. ఆఫీసులో ఇంజినీరు ఆ బొమ్మ రెండుసార్లు చూసి, చేపలు ఎక్కేట్టు చప్టా కింద రాళ్లు మెట్లుగా పేర్చుకోవడానికి ఒప్పుకున్నాడు. ఒక రోజు తనే వచ్చి నీటివాలు ఎలా ఉండాలో కొలిచి చూపించాడు. ఎండాకాలమంతా రెండు ఊళ్లవాళ్లం బండలు మోశాం. ఏ బండ పక్కన చేప ఆగి సేదతీరుతుందో కన్నపరెడ్డి చెప్పాడు, మేం అక్కడే పెట్టాం. జూలైలో నీరు తేరిన మొదటి పొద్దున పెద్దపొలుసులు ఒక్కో మెట్టూ ఎక్కి తూముల్లోంచి పైకి వెళ్లడం అందరం చూశాం. నా అంగన్‌వాడీ పిల్లలూ చూశారు. ఏడో పుస్తకంలో రెండు చేతిరాతలున్నాయి. చప్టా కింది లెక్క కన్నపరెడ్డి కోడలు రాస్తోంది, పైలెక్క నేను రాస్తున్నాను. రెండో పుస్తకం నాటి అంకెకి మేమింకా చేరలేదు. ఈ ఏడూ పంపకం చెయ్యలేదు. ఇంకో రెండు వానలు చూద్దామన్నాడు పెదనాన్న. అనూష సినిమాని ఒక చిన్న హాల్లో వేశారట. ఆ చప్పుడు వచ్చినప్పుడు ఎవరూ కదల్లేదని ఫోనులో చెప్పింది.

ఆ ఫిబ్రవరి పొద్దున కన్నపరెడ్డి ఇంట్లో అంబలి తాగి, వాగు ఒడ్డు పట్టుకుని మా ఊరికి నడిచాం. దారి పొడుగునా నాకు ఆ రెండు రోజుల్లో కలిసినవాళ్లే గుర్తొచ్చారు. రైల్లో లేచి నిలబడిన అమ్మాయి, గది ఇచ్చిన యాదక్క, తుడిచేసిన చప్పుడు వెతికి తీసిన శ్రీనివాస్ గారు, పదకొండు రోజుల వానని వదులుకున్న అనూష. వాళ్లలో ఎవరికీ మా వాగుతో పనిలేదు. ఎవరికి వాళ్లు తమ చేతిలో ఉన్నదేదో ఇచ్చారు. ఎవరైనా అటు వెళ్తే ఫిల్మ్‌నగర్‌లో సినిమావాళ్ల మేడలు చూస్తారు. నేను మాత్రం అక్కడ నీళ్ల హోరు కింద చేప చప్పుడు విన్నాను.

కన్నపరెడ్డి మాతో చప్టా దాకా వస్తానన్నాడు. చప్టా దగ్గర ఆగలేదు, మాట్లాడుతూ ఊళ్లోకి వచ్చేశాడు. వాకిట్లో బియ్యం కడుగుతున్న మా అమ్మ తలెత్తి ఆయన్ని చూసింది. లోపలికెళ్లి ఇంకో రెండు గుప్పెళ్ల బియ్యం తెచ్చి అందులో పోసింది.